మెరుపంతా ఆ యాభై మైక్రాన్లలోనే

పొద్దున్నే కారు తీసే ముందు పొడిగుడ్డతో నాలుగువైపులా తుడవడం మన దగ్గర చాలా ఇళ్లల్లో అలవాటు. రంగు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండి మీద పడే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. మోస్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టిదనం 7, అంటే గాజును కూడా గీయగలదు. దాన్ని గుడ్డ కింద పెట్టి రుద్దితే రంగు మీద సన్నటి గీతలు పడక మానవు. ఏడాది తిరిగిన నల్ల కారును ఎండలో చూస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా వలయాలు కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పడ్డ గీతల్లో వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరవడంతో మన కంటికి అలా తోస్తాయి.

ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). రేకు మీద తుప్పు పట్టనివ్వని ఈ-కోట్, ఆపైన ప్రైమర్, తర్వాత అసలు రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. నిగనిగ ఈ చివరి పొరదే. దాని మందం 40-50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలూ అందులోనే ఉంటాయి. పాలిష్ అంటే గీత లోతు దాకా ఆ పొరను అరగదీసి చదును చేయడం. గట్టి కాంపౌండ్ వాడితే ఒక్కసారికే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. సర్వీసింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ ‘రబ్బింగ్ పాలిష్’ కొట్టిస్తే డబ్బూ దండగ, పొరా దండగ. గోరుకు తగిలేంత లోతు గీతను పాలిష్‌తో తీయాలని చూడకండి. గీత కన్నా ముందు క్లియర్ కోటే అయిపోతుంది.

కడగడం నీడలో, బానెట్ చల్లారాకే. ముందు నీళ్లు కొట్టి వదులు దుమ్మును దించాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మైక్రోఫైబర్ గ్లౌజు జాడించడానికి మంచినీళ్లు. టాప్ నుంచి కిందికి రావాలి, చక్రాలు ఆఖర్న. గిన్నెలు తోమే సబ్బు మైనపు పూతను వదలగొడుతుంది. బాడీకి డీజిల్ పూస్తే మెరిసేది ఒక్కపూటే, రబ్బరు బీడింగులు మాత్రం ఉబ్బి పాడవుతాయి. బోరు నీళ్లు ఎండకు ఆరితే కాల్షియం, మెగ్నీషియం తెల్ల మచ్చలుగా మిగులుతాయి కాబట్టి వెంటనే తుడిచేయాలి. మిగిలిన మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి ఒక నిమిషం ఉంచి కడిగితే చాలు.

కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్‌ను నిమరండి. గరగరలాడితే ఏవో రేణువులు అంటుకున్నట్టే. కాజీపేట పట్టాల పక్కన ఆగే బండ్లకు ఇనుప రజను, రామగుండం వైపు బూడిద. వీటిని క్లే బార్‌తో (రేణువులను లాగేసే మెత్తటి బంకముద్ద), షాంపూ నీళ్లు చల్లుతూ తీయాలి. క్లే కింద పడితే పారేయాల్సిందే.

పాలిష్‌కు కొత్తవాళ్లు ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యుయల్ యాక్షన్ మెషీనే వాడాలి. రోటరీ ఒకేచోట తిరిగి వేడెక్కిస్తుంది, అంచుల దగ్గర రంగు కాలిపోతుంది. అంచుల్లో పొర ఎప్పుడూ పల్చనే, ముందే టేపు వేసుకోవాలి. ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు, ఒక విడతకు అర మీటరు చదరం. ముందు నెమ్మదిగా పరిచి, తర్వాత వేగం పెంచి, అడ్డంగా నిలువుగా నాలుగైదు సార్లు తిప్పాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి చూడండి. పాలిష్‌లోని నూనె గీతలను కప్పేస్తుంది. షాపులో అద్దంలా కనిపించి రెండు వాషులకే గీతలు తేలడానికి కారణం అదే.

ఆ తర్వాతే రక్షణ పూత. తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం మన ఎండలకు నెలా రెండు నెలలు, సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు. సిరామిక్ కోటింగ్ రెండేళ్ల దాకా ఉండొచ్చు, పూశాక ఒక రోజంతా తడి తగలకూడదు. ‘9హెచ్’ అని గొప్పగా చెప్తారు గానీ అది పెన్సిల్ మొనలతో గీసి చూసే గట్టిదనం లెక్క, మోస్‌ది కాదు. మైక్రానుకు అటూ ఇటూ ఉండే పూత రాళ్ల దెబ్బలను ఆపదు. దానికి 150 మైక్రాన్లకు పైబడ్డ పీపీఎఫ్ (రంగు మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర) ఒక్కటే గతి, ఖర్చూ అట్లాగే ఉంటుంది.

ఏ పూత ఉన్నా పిట్టరెట్టను ఎండలో వదిలేయొద్దు. దాని ఆమ్లం వేడి క్లియర్ కోట్‌లోకి దిగి గుంట చేస్తుంది. తడి గుడ్డ వేసి నానబెట్టి ఎత్తేయాలి. కొండగట్టులో వాహనపూజ చేయించిన బండికీ అంతే. బొట్లను పొడిగా గీకకుండా ఆ సాయంత్రమే నీళ్లతో నానబెట్టి కడగండి. పసుపు మరక కొద్దిగా మిగిలినా ఫర్వాలేదు, కర్కుమిన్ ఎండకు నిలవదు, తనే వెలిసిపోతుంది.