ఏఫిబ్: మందు దొరికి 70 ఏళ్లయినా పక్షవాతాలు ఎందుకు ఆగట్లేదు

మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి ఒక నిమిషం నాడి చూడండి, మామూలుగా అయితే ఒకే వరసలో కొట్టుకుంటుంది, మధ్యలో ఎక్కడైనా ఒకటి తప్పినా మళ్లీ దారిలో పడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (డాక్టర్లు ఏఫిబ్ అంటారు) ఉన్నవాళ్లకి అలా ఉండదు. రెండు దెబ్బలు వెంటవెంటనే వచ్చేసి మూడోది ఎప్పటికో వస్తుంది, ఒకటి గట్టిగా తగిలితే ఇంకోటి వేలికి అందనే అందదు, ఎంతసేపు పట్టుకున్నా లెక్క కుదరదు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుండటం వల్ల ఇలా అవుతుంది. 2019 అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 6 కోట్ల మందికి ఇది ఉంది, చాలామందికి దడ, ఆయాసం లాంటివేమీ ఉండవు కాబట్టి ఉన్నట్టే తెలీదు.

ఈ జబ్బుని పట్టుకున్న కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి జేమ్స్ మెకంజీ. ఇంగ్లండ్‌లో బర్న్‌లీ అనే ఊళ్లో మామూలు ఫ్యామిలీ డాక్టర్. మెడ దగ్గరి సిర కదలికనీ, చేతి నాడినీ ఒకే కాగితం మీద గీసే పరికరం తయారుచేసుకుని పేషెంట్లని ఏళ్ల తరబడి చూస్తూ పోయాడు, నాడి గతి తప్పినవాళ్లలో పై గది ముడుచుకున్నప్పుడు రావాల్సిన అల మాయమైపోతోందని గమనించాడు. 1906లో, ఈసీజీ యంత్రాన్ని తయారుచేసిన డచ్ శాస్త్రవేత్త ఐంథోవెన్ దాంతో ఆ లయ తప్పిన నాడిని రికార్డు చేశాడు, 1909లో లండన్‌లో థామస్ లూయిస్ అనే డాక్టర్ ఇది పై గదులు వణకడమేననీ, చాలామందిలో ఉండేదేననీ తేల్చాడు.

కానీ అసలు ప్రమాదం అర్థమవ్వడానికి ఇంకో 70 ఏళ్లు పట్టింది. రుమాటిక్ జ్వరంతో (చిన్నప్పుడు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే జ్వరం) గుండె వాల్వు పాడైనవాళ్లకే భయం, మిగతావాళ్లకి గుండె వేగం తగ్గించే మందు ఇస్తే చాలు అనుకునేవాళ్లు. 1978లో ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం (అమెరికాలో ఒక ఊరి జనాన్ని ఏళ్ల తరబడి గమనించినది) చూపించిందేంటంటే, వాల్వు జబ్బు లేకపోయినా ఏఫిబ్ ఉంటే పక్షవాతం ముప్పు 5 రెట్లకి పైగా, రుమాటిక్ వాల్వు జబ్బు కూడా ఉంటే 17 రెట్లు. ఎడమ పై గదికి చిన్న సంచి లాంటి భాగం ఒకటి ఉంటుంది, గది వణుకుతూ ఉంటే అందులో రక్తం నిలవ ఉండిపోయి గడ్డ కడుతుంది, ఆ గడ్డ ఊడి మెదడుకి వెళ్తే అంతే. ఇలా వచ్చే పక్షవాతాలు తరచూ పెద్దవే అవుతాయి, మనిషి మంచం పడతాడు.

మందు మాత్రం అప్పటికే ఉంది! 1933 చలికాలంలో, మంచు తుఫానులో, ఒక రైతు చచ్చిపోయిన ఆవునీ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునీ, పాడైపోయిన స్వీట్ క్లోవర్ గడ్డినీ తీసుకుని అమెరికాలో విస్కాన్సిన్‌ యూనివర్సిటీలో కార్ల్ లింక్ ల్యాబ్‌కి వచ్చాడు. ఆ గడ్డిలో ఏముందో తేల్చే పని నుంచే చివరికి రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ పుట్టింది, 1948లో ఎలకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకి అనుమతి వచ్చింది. ఏఫిబ్‌లో పక్షవాతాన్ని ఆపుతుందని పెద్ద ట్రయల్స్‌లో రుజువైంది మాత్రం 1989 తర్వాతే, అదీ ఏకంగా మూడింట రెండొంతులు తగ్గిస్తుందని. మధ్యలో పోయిన ఆ 35 ఏళ్ల గురించి ఆలోచిస్తే బాధేస్తుంది.

రుజువయ్యాక కూడా పని అవ్వలేదు. వార్ఫరిన్ వాడితే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష మాటిమాటికీ చేయించుకోవాలి, అది సాధారణంగా 2కీ 3కీ మధ్య ఉండాలి, తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం, పైగా ఆకుకూరలు ఎక్కువ తిన్నా వేరే మందు వేసుకున్నా అది మారిపోతుంది. ల్యాబ్ దగ్గర్లో లేనివాళ్లు ఏం చేస్తారు? చాలామందికి ఆస్పిరిన్ రాసిచ్చి పంపేశారు, దానివల్ల తగ్గే ముప్పు ఐదోవంతు అంతే. 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో, వార్ఫరిన్ వాడలేని 5,599 మందిలో ఆస్పిరిన్‌తో పోలిస్తే ఎపిక్సబాన్ అనే కొత్తరకం మాత్ర పక్షవాతాన్ని సగానికి పైగా తగ్గించింది, పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ కొత్తరకం మాత్రలకి ఐఎన్ఆర్ చూపించుకుంటూ ఉండక్కర్లేదు, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా చేర్చింది.

రాకుండా చూసుకోవడం సంగతికొస్తే బీపీ, బరువు, మద్యం, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవే ముఖ్యం. బరువు 10 శాతం తగ్గించుకుని నిలబెట్టుకున్నవాళ్లలో ఏఫిబ్ తిరగబెట్టడం బాగా తగ్గిందని 2015లో ఆస్ట్రేలియా డాక్టర్లు చూపించారు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది మాత్రం రుమాటిక్ పేషెంట్ల సంగతి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల్లో రుమాటిక్ వాల్వు జబ్బూ ఏఫిబ్ రెండూ ఉన్న 4,500 మందికి పైగా పేషెంట్ల మీద రివరాక్సబాన్ అనే మరో కొత్తరకం మాత్రని పరీక్షించిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి, వాళ్ల సగటు వయసు 50 దగ్గర, 70 శాతానికి పైగా ఆడవాళ్లే. కొత్త మాత్ర కన్నా పాత వార్ఫరిన్ రకం మందుతోనే చావులు తక్కువని తేలింది. అంటే ఐఎన్ఆర్ పరీక్ష సరిగ్గా అందని చోట బతికేవాళ్లకే ఆ పరీక్ష తప్పనిసరి. వాళ్ల వాల్వులు పాడవ్వడానికి మూలం చిన్నప్పుడొచ్చిన స్ట్రెప్ అనే బ్యాక్టీరియా గొంతు ఇన్ఫెక్షన్, దానికి టైముకి పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరం ఆగుతుందని అమెరికా సైనికుల మీద చేసిన అధ్యయనంలో రుజువైంది 1950లో. అన్ని దేశాలూ దీన్ని పట్టించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం చేసింది 2018లో.