ఆకు బొమ్మ వేస్తే ఎకో ఫ్రెండ్లీ అయిపోదు: సంచి, రంగు, కడప బండ గురించి అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో బట్టల షాపు సంచి దగ్గర్నుంచి పెళ్లి రిటర్న్ గిఫ్టు దాకా ఇప్పుడు అన్నిటిమీదా ‘ఎకో ఫ్రెండ్లీ’ అని అచ్చేస్తున్నారు. పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ. ఆ బొమ్మ వేసుకోవడానికి ఏ పరీక్షా పాస్ కానక్కర్లేదు. తయారుచేసేవాళ్లూ, ఆర్డరిచ్చేవాళ్లూ తరచూ ఎక్కడ పొరబడతారో చూద్దాం.

అపోహ: గుడ్డసంచి అయితే చాలు, ప్లాస్టిక్ కవర్ కన్నా మేలే.

వాస్తవం: ఎన్నిసార్లు వాడతారన్న దాన్నిబట్టి ఉంటుంది. పత్తికి నీళ్లు, ఎరువులు, మందులు కావాలి. వడకడానికి, నేయడానికి కరెంటు కావాలి. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో వేసిన లెక్క ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరుతో భూతాపం విషయంలో సమానం కావాలంటే పత్తి సంచిని 131 సార్లు వాడాలి. వారానికోసారి సంతకు తీసుకెళ్తే రెండున్నరేళ్లు! మురిక్కాలవలో అడ్డం పడే కవర్లు, ఆవుల కడుపులో చేరే కవర్లు ఆ లెక్కలోకి రాలేదు, నిజమే. అయినా ఓ వేసవికే పట్టీ ఊడిపోయే సంచిని పంచిపెట్టి పుణ్యం వచ్చిందనుకోవడం కుదరదు.

కాబట్టి 131 సార్లు తట్టుకునేలా కుట్టాలి. సంచిలో ముందు పోయేది గుడ్డ కాదు, పట్టీ అతికే చోటు. కూరగాయలు, బియ్యం మోసే సంచికి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) గ్రే కాటన్ (బ్లీచ్ చేయనిది) తీసుకోండి. 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్న సంచికి కత్తిరింపు ఇలా:

అడుగున కుట్టు పెట్టొద్దు, గుడ్డను మడతే వేయాలి. బరువంతా పడేది అక్కడే మరి. పక్క కుట్లకు అటూఇటూ అరంగుళం కలిపితే వెడల్పు 15. రెండు వైపుల ఎత్తు 32, మూతి మడతకు ఒక్కో వైపు ఒకటిన్నర, మొత్తం పొడవు 35. గ్రే కాటన్ మొదటి ఉతుకులో 6 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి ముక్క 16 × 37 అంగుళాలు కత్తిరించాలి. 48 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పులో) ఇవి సరిగ్గా మూడు పడతాయి. రెండు వరుసలకు ఆరు సంచులు. ఆ పైన 24 అంగుళాల పొడవు గుడ్డ తీసుకుని, 4 అంగుళాల చొప్పున నిలువుగా చీలిస్తే 12 పట్టీలు. అంటే 98 అంగుళాల గుడ్డలో ఆరు సంచులు, వాటి పట్టీలు అన్నీ వస్తాయి, ఒక్క పీలిక మిగలదు. ఒక్కో సంచి సుమారు 125 గ్రాములు తూగుతుంది. అదే సంచి 44 అంగుళాల పన్నాలో రెండే పడతాయి. పక్కన మిగిలే 12 అంగుళాల చీలికలో మూడు పట్టీలు తీసినా, ప్రతిదాని చివరా 13 అంగుళాల ముక్క దండగ. సంచి కొలత ముందే ఖాయం చేసి తర్వాత గుడ్డ కొనేవాళ్లకు ఈ నష్టం తప్పదు. పన్నా చూసుకుని కొలత పెట్టుకోవాలి.

పట్టీలు అడ్డంగా తీయొద్దు. నిలువు పోగుకు బలమెక్కువ, సాగడం తక్కువ. 4 అంగుళాల చీలికను నాలుగు మడతలు చేస్తే అంగుళం పట్టీ వస్తుంది. దాని చివర మూతి మడత లోపలికి దూర్చి, చదరంగా కుట్టి, చదరం మధ్యలో ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టాలి. సూది 16 నంబరు, అంగుళానికి 8 నుంచి 10 కుట్లు. గట్టిగా ఉంటుందని 14 కుట్లు వేస్తే గుడ్డకు వరుసగా చిల్లులు పడి, తపాలా బిళ్ల చింపినట్టు అక్కడే చిరుగుతుంది.

దారం కూడా పత్తిదే ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. మా అభిప్రాయంలో బరువు మోసే సంచికి పాలిస్టర్ దారమే సరి. మట్టిలో కలవని ఆ కాస్త దారం కోసం సంచి మొత్తం త్వరగా చెత్తలోకి పోవడం నష్టం కాదా? లోపల ప్లాస్టిక్ పొర అతికించిన సంచి మాత్రం వద్దు. ఉతికితే పొర లేస్తుంది, రీసైకిలూ కాదు.

అపోహ: ఆదోని పత్తి కాబట్టి మన సంచి లోకల్.

వాస్తవం: ఆదోని యార్డులో అమ్ముడైన పత్తి జిన్నింగ్ (గింజ వేరుచేయడం) అయ్యాక బేళ్లుగా స్పిన్నింగ్ మిల్లులకు వెళ్తుంది. ఆ దూదే తిరిగి మీ సంచిలోకి వచ్చిందని చెప్పాలంటే నూలు దగ్గర్నుంచి బిల్లులు చూపాలి. లేకపోతే ‘ఇక్కడ కుట్టినది’ అని రాయండి, చాలు.

అపోహ: బట్టల షాపు ఇచ్చే రంగుల సంచి గుడ్డదే.

వాస్తవం: అది చాలావరకు నాన్ ఓవెన్ (నేయకుండా చేసినది), అంటే పాలీప్రొపిలీన్. ముమ్మాటికీ ప్లాస్టిక్కే. అంచు చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. పత్తి కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. నాన్ ఓవెన్ అయితే ముడుచుకుని, కరిగి బొట్లు కారుతుంది, చల్లారాక గట్టి ఉండ కడుతుంది. 60 జీఎస్ఎం కన్నా పల్చటి నాన్ ఓవెన్ సంచులు 2021 సెప్టెంబర్ 30 నుంచి నిషేధం. మన ఎండకు మేడమీద వదిలేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. మట్టిలో కలిసిపోయిందని సంబరపడొద్దు, అది ప్లాస్టిక్ పొడే.

అపోహ: ‘కంపోస్టబుల్’ కవరు పెరట్లో పారేసినా ఎరువైపోతుంది.

వాస్తవం: ఈ కవర్లకు వర్తించే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం పెద్ద కంపోస్టు యూనిట్లను దృష్టిలో పెట్టుకున్నది. అక్కడ 58 డిగ్రీల దగ్గర వేడి, తేమ నిలిచి ఉంటాయి. ఎండిపోయిన దిబ్బలో అవేవీ ఉండవు. రీసైకిల్‌కు వెళ్లే మామూలు ప్లాస్టిక్‌లో కలిస్తే ఆ లాటును కూడా పాడుచేస్తుంది. కొనేముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ అడగండి.

అపోహ: సహజ రంగులంటే ఏ హానీ లేనివి.

వాస్తవం: రంగు సహజమే కావచ్చు, దాన్ని గుడ్డకు పట్టించే మందు ఏదన్నదే అసలు ప్రశ్న. పటిక వాడితే ఇబ్బంది తక్కువ. మైలతుత్తం నీళ్లలో చేపలకు విషం. పొటాషియం డైక్రోమేట్ మనుషులకే ప్రమాదం, దాని జోలికి పోవద్దు.

అనంతపురం దానిమ్మ తొక్కతో మంచి పసుపు వస్తుంది. కిలో గుడ్డకు లెక్క: ముందు 20-30 గ్రాముల వాషింగ్ సోడా వేసి గంటసేపు ఉడికించి గంజి, మైనం వదలగొట్టాలి. ఇది ఎగ్గొడితే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. (గుడ్డ ఇక్కడే కుంచించుకుపోతుంది. 48 పన్నా 45కు దిగుతుంది. అప్పుడు 16 కాకుండా 15 అంగుళాల ముక్కలు మూడు తీయండి.) తర్వాత 150-200 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, జాడించకుండా పిండి ఆరేయాలి. ఆపైన 150 గ్రాముల పటిక గోరువెచ్చటి నీళ్లలో కరిగించి మరో రాత్రి ఉంచాలి. ఆరబెట్టి, జాడించి, 300-500 గ్రాముల ఎండు తొక్క మరిగించి వడకట్టిన కషాయంలో గంటసేపు సన్నటి సెగ మీద ఉంచాలి. పటిక నీళ్లు పారబోయకండి, సగం పటిక కలిపితే ఇంకో విడతకు పనికొస్తాయి.

ఎక్కువగా చెడేది నీళ్ల దగ్గర. బోరు నీళ్లలో ఇనుమున్నా, పైపు తుప్పు పట్టినా పసుపు కాస్తా బూడిద కలిసిన ఆకుపచ్చగా మారుతుంది. గాజు గ్లాసులో నీళ్లు పట్టి చిటికెడు కరక్కాయ పొడి వేయండి. పది నిమిషాల్లో నల్లబడితే ఆ నీళ్లు రంగుకు పనికిరావు. కలంకారీలో నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి కసిమి చేసేది ఈ గుణం ఆధారంగానే. అక్కడది విద్య, ఇక్కడ పీడ.

అపోహ: కడప బండ సహజమైనది కాబట్టి దాంతో ఏం చేసినా పర్యావరణహితమే.

వాస్తవం: కొత్త బండ కోసి ట్రే చేస్తే ఏం లాభం? ఉమ్మడి కర్నూలు జిల్లా బేతంచర్లలో, తాడిపత్రిలో పాలిష్ యూనిట్ల దగ్గర మిగిలే అంచు ముక్కలతో చేస్తేనే అర్థముంది. పాలిష్ నీళ్లు మూడు తొట్లలో తేరిన తర్వాత మళ్లీ మిషన్‌కే వెళ్లాలి. ఆ బురద ఎండితే దుమ్మై లేస్తుంది.

కడప బండ సున్నపురాయి. గ్రానైట్‌లా చూస్తే కుదరదు. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం యాసిడ్ ఏది పడినా మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది. ఊరగాయ గిన్నె పెట్టే ట్రేకి ఈ రాయి ఎంచుకోవడం డిజైన్ తప్పే. వేడి గిన్నె దించుకునే పీటకైతే బాగుంటుంది. పొరలుగా విడిపోయే గుణముంది కాబట్టి అంచు పల్చగా తీయకుండా, మూలలు 2-3 మిల్లీమీటర్లు ఏటవాలుగా అరగదీయాలి. చెక్క ఫ్రేములో ఎపాక్సీతో అతికించొద్దు. గాడి చేసి రాయిని దింపి, కిందనుంచి మరలతో బిగిస్తే రాయి పగిలినా ఫ్రేము మిగులుతుంది.

బరువు కూడా చూసుకోవాలి. 20 మిల్లీమీటర్ల మందం బండ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు. కొరియర్లో పగలకుండా థర్మోకోల్ నింపితే చేసిన పనంతా వృథా. వేరుశనగ పొట్టు బాగా పనిచేస్తుంది, మనకు దానికేం కొదవ? రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, జల్లెడ పట్టి, చిన్న కాగితం సంచుల్లో నింపి రాయి చుట్టూ బిగించాలి. విడిగా పోస్తే దుమ్ము పట్టడమే కాదు, దారిలో కుదుపులకు పొట్టు కిందికి దిగి రాయి అట్టకు తగులుతుంది. తినే వస్తువుల పెట్టెలో మాత్రం ఈ పొట్టు వాడొద్దు. తేమ తగిలితే వేరుశనగకు పట్టే బూజే దీనికీ పడుతుంది.