బాగే ఆమ్‌లో తోట ఎలా తగ్గింది?

హైదరాబాద్‌కు చుట్టాలొస్తే చార్మినార్‌, గోల్కొండ, సాలార్‌జంగ్‌ మ్యూజియం చూపిస్తాం. నాంపల్లి పబ్లిక్‌ గార్డెన్స్‌ ఆ వరసలోంచి ఎప్పుడో జారిపోయింది. పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కానీ పిల్లల్ని వెంటేసుకుని పనిగట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. అసెంబ్లీ సమావేశాలు నడిచే రోజుల్లో చుట్టుపక్కల బారికేడ్లు, పోలీసులు ఉంటారు. ఒక తోట చుట్టూ ఇంత బందోబస్తు ఎందుకొచ్చిందో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

పాతవాళ్లు బాగే ఆమ్‌ అని పిలిచే ఈ ఉద్యానం నిజాముల కాలం నాటిది. దాని అంచున వెలిసిన మొదటి ఘనమైన కట్టడం టౌన్‌హాల్‌. ఆరో నిజాం మహబూబ్‌ అలీ ఖాన్‌ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా, నగర ప్రజల చందాలతో 1905లో పని మొదలైంది. 1911లో ఆయన కన్నుమూశారు. భవనం 1913లో పూర్తయింది. రాజస్థానీ, పర్షియన్‌ పోకడలు కలిసిన ఆ తెల్లటి మేడే తర్వాత అసెంబ్లీ అయింది. 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్‌ రాష్ట్ర శాసనసభ, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌ శాసనసభ అక్కడే కొలువుదీరాయి. జనం చందాలేసి కట్టుకున్న హాలు ప్రజాప్రతినిధుల సభ కావడం సబబే. అయితే ఆ రోజు నుంచే తోట గేటుకు కాపలా పెరిగింది.

ఏడో నిజాం ఉస్మాన్‌ అలీ ఖాన్‌ హయాంలో తోట లోపలే కట్టడాలు లేచాయి. షాహీ మసీదు వచ్చింది. ఆయన పాలనకు పాతికేళ్లు నిండిన వేడుక 1936లో జరగాల్సింది. బ్రిటిష్‌ చక్రవర్తి అయిదో జార్జి మరణంతో వాయిదా పడి 1937 ఫిబ్రవరిలో జరిగింది. దర్బారు నడిచిన జూబ్లీ హాల్‌ ఈ తోటలోదే.

ఆ కాలం ఇచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మ్యూజియం. 1914లో హైదరాబాద్‌ సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడింది. దాని డైరెక్టర్‌ గులాం యజ్దానీ. అజంతా, ఎల్లోరా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలోవే. కాబట్టి ఆ శాఖ చేతిలో ఉన్నది చిన్న బాధ్యత కాదు. తోటలోని మ్యూజియం 1930 ప్రాంతంలో తెరుచుకుంది. అజంతా చిత్రాలకు చేతితో తీసిన నకళ్లు అందులో ఒక గది నిండా ఉన్నాయి. గుహల్లో చీకట్లో సరిగా కనపడని ముఖాలను ఇక్కడ తీరిగ్గా నిలబడి చూడొచ్చు.

జనం మాత్రం ముందు అడిగేది మమ్మీ ఎక్కడని. ఈజిప్టు రాజకుమార్తెదని చెప్పే ఆ మమ్మీని ఆరో నిజాం అల్లుడు నజీర్‌ నవాజ్‌ జంగ్‌ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చారు. ఏడో నిజాం చేతిమీదుగా అది మ్యూజియానికి చేరింది. దక్కన్‌ వాతావరణానికి నార గుడ్డ చుట్లు సడలాయి, పైనున్న రంగుల తొడుగు బీటలువారింది. 2016లో ముంబయి నిపుణులతో మరమ్మతు చేయించి, ఆక్సిజన్‌ చొరబడని గాజు పెట్టెలో ఉంచారు. మమ్మీ చూసి వెనుదిరిగేవాళ్లను ఆపి బౌద్ధ శిల్పాల వైపు పంపాలనిపిస్తుంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్‌ మెట్రోపాలిటన్‌ మ్యూజియం దాకా వెళ్లాయి. అక్కడివాళ్లు టికెట్టు కొని చూసిన మన ఊరి రాయి అది.

1963 దాకా నగరానికి జూ కూడా ఇదే. ఆ ఏడాది అక్టోబర్‌లో నెహ్రూ జూ పార్కు తెరవడంతో జంతువులు బహదూర్‌పురాకు తరలాయి. తోటకు పిల్లలను లాగిన పెద్ద ఆకర్షణ పోయిందన్నమాట. 1966లో వచ్చిన జవహర్‌ బాలభవన్‌ ఆ లోటు కొంత తీర్చింది. పాటలు, డ్యాన్సులు, బొమ్మలు నేర్చుకోవడానికి పిల్లలు మళ్లీ వచ్చారు. 1980ల్లో ఎన్టీఆర్‌ ముఖ్యమంత్రిగా ఉండగా తెలుగు విశ్వవిద్యాలయం, లలితకళా తోరణం, అసెంబ్లీ కొత్త భవనం వచ్చాయి. 2007లో శాసనమండలిని పునరుద్ధరించాక దానికి జూబ్లీ హాల్‌నే ఇచ్చారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక జూన్‌ 2 వేడుకలు కొన్నేళ్లు ఇక్కడే జరిగాయి. ఎదురుగా గన్‌పార్కులో అమరవీరుల స్తూపానికి నివాళులర్పించి, ఇక్కడికొచ్చి జెండా ఎగరేసేవారు. సెప్టెంబర్‌ 17 జెండా కూడా ఈ తోటలోనే ఎగిరింది.

ఒక్కో కట్టడాన్ని విడిగా చూస్తే దేన్నీ తప్పుపట్టలేం. నిజాం అయినా, ముఖ్యమంత్రి అయినా నగరం నడిబొడ్డున ఖాళీ జాగా అనగానే ఈ తోటనే చూశారు. చెట్టు కింద కూర్చునేవాడి తరఫున అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడొక అవకాశం వచ్చింది. పాత అసెంబ్లీ భవనాన్ని, చారిత్రక కట్టడాలను బాగుచేసే ఆగాఖాన్‌ ట్రస్టుతో పునరుద్ధరించి, మండలిని అందులోకి మార్చాలని ప్రభుత్వం తలపెట్టింది. మండలి కదిలితే జూబ్లీ హాల్‌ ఖాళీ అవుతుంది. దాన్ని మరో ఆఫీసుకు కేటాయించకుండా మ్యూజియానికి ఇవ్వాలి. ఫణిగిరి శిల్పాలను విశాలంగా పరిచి చూపే చోటు, బడిపిల్లలు కూర్చుని వినే చోటు అక్కడ దొరుకుతాయి. బారికేడ్లు కూడా అసెంబ్లీ వైపుకే పరిమితమైతే, నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు నేరుగా తోటలోకి నడిచి రావచ్చు.