హెడ్డు మారుస్తున్నప్పుడు ఏది మార్చాలి, ఏది ఉంచాలి

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. గుంటూరు నుంచి మీరు పంపిన జాబితా అందింది. మిర్చి యార్డుకు బస్తాలు తోలే డీజిల్ బండి వేడెక్కి, ఇంజిన్ సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు పగిలిందని, అదే రకం పాత హెడ్డు ఒకటి దొరికిందని రాశారు. విడిభాగాల దుకాణంలో పిస్టన్లు మొదలుకొని ఆయిల్ పంపు దాకా రాసిచ్చారు కదా, ‘ఇవన్నీ మార్చాల్సిందేనా పెదనాన్నా’ అని అడిగారు. అక్కర్లేదు. అలాగని హెడ్డు కింద కారకుండా వేసే రేకు, అదే గాస్కెట్, ఒక్కటి వేసి బిగించేయడం కూడా తప్పే. ఏది మార్చాలో దుకాణంలో తేలదు. విప్పి, కడిగి, కొలిచాక మీ బల్ల మీదే తేలుతుంది.

అన్నిటికంటే ముందు బండి ఎందుకు వేడెక్కిందో పట్టుకోండి. మీ జాబితాలో ఆ ఊసే లేదు, నాకు బాధ కలిగించింది అదే. హెడ్డు అల్యూమినియంది, దాని కింద సిలిండర్లు ఉండే బ్లాకు పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టులు దాన్ని కదలనివ్వవు. వేడి హద్దు దాటితే హెడ్డు వంకర పోతుంది, లేదా రెండు వాల్వు సీట్ల మధ్య ఉండే సన్నటి గోడ చీలుతుంది. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము నిండి ఉందా, ఫ్యాను సరైన సమయానికి తిరుగుతోందా, రేడియేటర్ మూత ఒత్తిడిని నిలుపుతోందా, వాటర్ పంపు ఇరుసు ఊగుతోందా, అన్నీ చూడండి. వీటిలో దోషం వదిలేసి ఎంత మంచి హెడ్డు వేసినా వచ్చే ఎండాకాలానికి అదీ పగులుతుంది.

ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్‌ను పరీక్షించడం తేలిక. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారానికి కట్టి అడుగు తగలకుండా వేలాడదీయండి. పక్కన థర్మామీటరు ఉంచి పొయ్యి వెలిగించండి. దాని మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది. నీళ్లు ఆ వేడికి చేరేసరికి మధ్యలోని పళ్లెం మెల్లగా లేవడం మొదలవ్వాలి. నీళ్లు మరుగుతున్నా పళ్లెం కదలకపోతే మీ దొంగ దొరికినట్టే. పరీక్షలో నెగ్గినా సరే, ఒకసారి ఇంతలా వేడెక్కిన బండిలో పాత థర్మోస్టాట్‌ను నేను తిరిగి పెట్టను. దాని ఖరీదు ఎంత, హెడ్డు ఖరీదు ఎంత!

భాగాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నేను చూసేది ఇదే. దీని ధర ఎంత, మళ్లీ దీని దగ్గరికి రావాలంటే ఎంత విప్పాలి, ఇది పోతే తనతో పాటు ఇంకేం పాడుచేస్తుంది. వాల్వు సీళ్లనే చూడండి. రబ్బరు ముక్కలు, ధర స్వల్పం. కానీ అవి గట్టిపడితే ఆయిల్ లోపలికి దిగి నీలిపొగ వస్తుంది, మార్చాలంటే ఇంజిన్ పైభాగం మళ్లీ విప్పాలి. కాబట్టి కొత్తవే వేయాలి. హెడ్ గాస్కెట్, మానిఫోల్డు గాస్కెట్లు, పైమూత గాస్కెట్, ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు కూడా అంతే. ఒకసారి నలిగినవి రెండోసారి పట్టవు. ఆయిల్, ఫిల్టరు, కూలెంట్ ఎలాగూ కొత్తవే.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్, ఆ బెల్టుతోనే తిరిగేదైతే వాటర్ పంపు, మూడూ కలిపి మార్చండి. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య చోటు చాలా తక్కువ. బెల్టు తెగిందంటే వాల్వులు వంగుతాయి. గొలుసు ఉంటే మాత్రం అది ఎంత సాగిందో, గైడు ఎంత అరిగిందో చూసి నిర్ణయించండి.

బోల్టుల దగ్గర చాలామంది బేరం ఆడతారు, మీరు ఆడకండి. ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి హెడ్డు బోల్టులు బిగించేటప్పుడే సాగేలా చేసినవి. ముందు కొంత టార్క్ (తిప్పే బలం), తర్వాత 90 డిగ్రీలు తిప్పమని మాన్యువల్‌లో ఉందంటే సాధారణంగా అవి ఆ రకానివే. ఒకసారి సాగినది మళ్లీ అంత గట్టిగా పట్టి ఉంచదు. పాత రకం బోల్టులయితే పొడవు కొలిచి, మరలు చూసి వాడుకోవచ్చు. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు, విప్పేటప్పుడు అంచుల నుంచి మధ్యకు, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. బ్లాకులో బోల్టు దిగే గుంతల్లో నీళ్లు గానీ ఆయిల్ గానీ మిగలకూడదు. బోల్టు దిగేకొద్దీ అడుగున చిక్కిన ద్రవానికి పోయే దారి ఉండదు, ఆ ఒత్తిడికి బ్లాకే చీలిపోగలదు. గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, టార్చి వేసి ఒక్కో గుంతలోకీ చూడండి.

ఇక దొరికిన పాత హెడ్డు. అమ్మినవాళ్లు బాగుందన్నారని నమ్మి బిగించకండి. పోతలో ఉన్న నంబరు మీ పాత హెడ్డుతో కలుస్తుందో లేదో చూడండి, కొత్త గాస్కెట్‌ను దాని మీద పరిచి నీళ్ల దారులు, ఆయిల్ రంధ్రాలు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూడండి. లేతు షాపులో ప్రెజర్ టెస్టు (ఒత్తిడి పెట్టి పగుళ్లు చూడటం) చేయించి తీరాలి. ఉక్కు బద్దను అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు పెట్టి కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి రేకు) దూర్చి చూడండి. ఎంత వంకర ఉండవచ్చో మాన్యువల్ చెబుతుంది, అది మిల్లీమీటరులో పదో వంతుకు మించడం అరుదు. ఫేసింగ్ (ముఖాన్ని గీసి చదును చేయడం) చేయించాల్సి వస్తే ఎంత తీయవచ్చో ముందే తెలుసుకోండి. కొన్ని డీజిల్ హెడ్లను అసలు గీయకూడదు. వాల్వులను తెరిచే ఇరుసును, అంటే క్యామ్ షాఫ్ట్‌ను, పట్టి ఉంచే పైకప్పులు ఏ హెడ్డువి ఆ హెడ్డుకే ఉండాలి. రెండూ కలిపి బిగించి బోరు చేసినవి కాబట్టి మీ పాత హెడ్డు కప్పులు దీనికి పనికిరావు. గాస్కెట్‌లోనూ మందాలు ఉంటాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తుందో డయల్ గేజితో కొలిచి, గాస్కెట్ అంచున ఉండే గుర్తులను బట్టి కొనండి.

బ్లాకు పైముఖం శుభ్రం చేయడానికి గ్రైండరుకు ఇసుక బిళ్ల తగిలించకండి. ఆ పొడి ఆయిల్‌లో చేరి బేరింగులను తినేస్తుంది.

దించిన ఆయిల్ ఏ రంగులో ఉందో మీరు రాయలేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట. అప్పుడు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ దించి, కనెక్టింగ్ రాడ్ల బేరింగులు ఒకటి రెండు విప్పి చూడాల్సిందే. గీతలు పడినా, రాగి రంగు బయటపడినా మొత్తం సెట్టు మార్చండి. ఆయిల్ నల్లగా, మామూలుగా ఉంటే ఆ జోలికి వెళ్లనవసరం లేదు.

మిగిలింది పిస్టన్లు, రింగులు. మీ జాబితాలో ఎక్కువ డబ్బు వాటికే. హెడ్డు పగిలిన ఒక్క కారణంతో వాటిని మార్చరు. పిస్టన్ ఆడే బోరు గోడ మీద ఫ్యాక్టరీలో వేసిన అడ్డగీతలు ఇంకా కనబడుతున్నాయా? బోరు పై అంచు దగ్గర గోరు పెట్టి జరిపితే మెట్టు తగులుతోందా? నాలుగు బోర్లకూ టార్చి వేసి ఫొటోలు తీసి పంపండి. హెడ్డు పోకముందు ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య ఎన్ని లీటర్లు పోశాడో, నడుస్తున్న ఇంజిన్‌కు ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుకొచ్చేదేమో డ్రైవరును అడిగి రాయండి. అవి చూశాక రింగుల సంగతి చెబుతాను. అంతవరకు పిస్టన్లకు డబ్బు కట్టవద్దు.

మీ పెదనాన్న