కాడి కింద ఎముక

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు రాశారు. నిరుడు వానల్లో బండి జారి ఎడమ చీలమండ విరిగిందట. ప్లేటు, ఏడు స్క్రూలు వేశారు. పద్నాలుగు నెలలు గడిచాయి, ఎముక అతికింది, నడక బాగుంది. ఇప్పుడు ఆ ప్లేటు తీయించుకోవాలా, ఉంచుకోవాలా? "ఇబ్బంది లేకపోతే వదిలేయండి" అంటున్నారు డాక్టరుగారు. "ఒంట్లో ఇనుము పెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతావు బావా" అంటున్నాడు బావమరిది. పైగా మాఘమాసంలో అమ్మాయి పెళ్ళి.

నేను డాక్టర్ని కాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. తీయించుకోండి, వద్దు అని చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ ప్రశ్నలో సగం మా సబ్జెక్టే. ఆ సగం గురించి ఎంతసేపైనా చెప్పగలను.

ముందు బావమరిది సంగతి. బాలింత మంచం కింద కత్తిపీట పెట్టేదీ మనమే, శనివారం ఇనుము ఇంటికి తేకూడదనేదీ మనమే. బయట ఉంటే రక్ష, లోపల ఉంటే కీడు! ఆ లోహాన్ని చూసి పిడుగు వెతుక్కుంటూ రాదు. నిలబడి ఉన్న మనిషి ఎత్తే పిడుగుకి చాలు, చీలమండలోని పది సెంటీమీటర్ల రేకుతో దానికి పని లేదు. అసలది వంటింటి ఇనుములాంటిదీ కాదు. ఉక్కు ప్లేటైతే 316ఎల్ అనే స్టీలు. క్రోమియం 17 నుంచి 19 శాతం, నికెల్ 13 నుంచి 15, కాస్త మాలిబ్డినం. అయస్కాంతానికి అంటుకోదు. నికెల్ పడనివాళ్ళు కొద్దిమంది ఉంటారు, వాళ్ళ కథ వేరు.

అయినా "తీసేయాలి" అనే మాటకి పుట్టుక లేకపోలేదు. 1886లో హాంబర్గ్‌లో కార్ల్ హాన్స్‌మన్ అనే సర్జన్ ఎముకకి ప్లేటు బిగించినప్పుడు దాని ఒక కొస చర్మం బయటికి పొడుచుకొచ్చేలా చేశాడు. కొన్ని వారాలయ్యాక పట్టుకుని లాగేయడానికి! అంటే ప్లేటు పుట్టడమే తీయడానికి పుట్టింది. ఆ తర్వాతి తరం ప్లేట్లు ఒంట్లో తుప్పు పట్టేవి. బెల్జియంలో లాంబోట్ అనే సర్జన్ 1907లో మెగ్నీషియం ప్లేటుని ఉక్కు మేకులతో బిగిస్తే అది ఎనిమిది రోజుల్లో కరిగి చర్మం కింద బుడగలు బుడగలుగా గ్యాసు కట్టింది. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్ళలాంటి రక్తం. ఇంటర్ విద్యార్థి ఎవడైనా చెబుతాడు, అది బ్యాటరీ అని. 1958లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఏఓ అనే ఎముకల సర్జన్ల బృందం మంచి లోహం వాడింది. అయినా తొలిరోజుల్లో వాళ్ళూ ఎముక అతికాక తీసేయమనే చెప్పారు. తుప్పు భయంతో కాదు, ఇంకో భయంతో.

ఆ భయం ఏమిటో తెలియాలంటే జోడెడ్ల బండి దగ్గరికి వెళ్ళాలి.

కాడికి ఒక పక్క బలమైన ఎద్దు, ఇంకో పక్క మామూలు ఎద్దు. బరువు చెరిసగం పంచుకుంటాయా? లేదు. గట్టిది ఎక్కువ లాగుతుంది, రెండోది దాని పక్కన నడుస్తుంది. ప్లేటూ ఎముకా ఇలా ఒకే కాడి కిందికి వస్తే ఎవరి వంతు ఎంత అన్నది యంగ్ గుణకం (లాగినా నొక్కినా సాగకుండా నిలిచే బిగువుకి కొలత) తేలుస్తుంది. "ఉక్కు, రబ్బరులలో దేనికి స్థితిస్థాపకత ఎక్కువ?" అని ప్రతి ఏడూ అడిగేవాణ్ణి. క్లాసంతా రబ్బరు అనేది. ఉక్కే అని, సియర్ల్ ఉపకరణంలో తీగకి బరువులు వేలాడదీసి చూపించేవాణ్ణి. ఆ లెక్క ఒకరోజు ఎవరి కాలికైనా పనికొస్తుందని ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఉక్కు గుణకం సుమారు 190 గిగాపాస్కల్. గట్టి ఎముకది 18 అనుకుందాం. చీలమండ బయటి పక్క సన్నటి ఎముక ఫిబ్యులా (పాఠ్యపుస్తకంలో బహిర్జంఘిక, ఆ పేరు పెట్టినవాళ్ళకి దండం). దాని అడ్డుకోతలో గట్టి భాగం ఉజ్జాయింపుగా 90 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద మామూలుగా వేసే పల్చటి ప్లేటు ఒక మిల్లీమీటరు మందం, తొమ్మిది వెడల్పు, అంటే 9 చదరపు మిల్లీమీటర్లు. గుణకాన్ని వైశాల్యంతో గుణించండి. ప్లేటుకి 1710, ఎముకకి 1620. కాగితం మందంలా కనిపించే రేకు బరువులో 51 శాతం తన మీద వేసుకుంటోంది! అదే టైటానియం అయితే గుణకం 110, వాటా 38 శాతానికి దిగుతుంది. ఇక ముంజేతి ఎముకలకి వేసేలాంటి మూడు మిల్లీమీటర్ల మందం, పది వెడల్పు ఉక్కు ప్లేటు పెట్టి చూడండి. ఎముక అంతే అనుకుంటే ప్లేటు వాటా 78 శాతం.

ఇది రెండూ జిగురు పెట్టి అతికించినట్టు కదులుతాయనుకుని, నిలువు బరువుకే వేసిన లెక్క. వంగుడు కలిపితే అంకెలు మారతాయి, మొగ్గు మారదు.

పని లేని ఎద్దు ఏమవుతుంది? చిక్కిపోతుంది. ఎముకా అంతే. బెర్లిన్ సర్జన్ యూలియుస్ వోల్ఫ్ 1892లో పుస్తకమే రాశాడు: ఎముక తన మీద పడే బరువుని బట్టి తనని తాను మార్చుకుంటుందని. అంతరిక్షంలో తేలే వ్యోమగాముల తుంటి ఎముక నెలకి ఒక శాతానికి పైగా సాంద్రత కోల్పోతుంది. ప్లేటు నీడలో ఉన్న ఎముకా ఒక చిన్న వ్యోమగామే. ఇదీ ఏఓ వాళ్ళ భయం.

చాలాకాలం నేనూ ఇంతటితో ఆగేవాణ్ణి. తర్వాత స్టెఫాన్ పెర్రెన్ అనే స్విస్ పరిశోధకుడి వాదన చదివాను. ప్లేటు కింద ఎముక గుల్లబారేది పని లేక కాదు, మేత లేక అంటాడాయన. ప్లేటు ఎముకని అదిమి పెడితే పైపొరలోని రక్తనాళాలు నలిగిపోతాయి. మేత అందని చోట ఎముక చచ్చి, దాన్ని తొలిచి కొత్తది కట్టే పని మొదలవుతుంది, ఆ తొలిచిన ఖాళీలే మనకి గుల్లలా కనిపిస్తాయి. అందుకే అడుగున గాళ్ళు చెక్కి, ఎముకకి అక్కడక్కడ మాత్రమే తగిలే ప్లేటు తయారుచేయించాడు. పనా, మేతా? రెండూ అని నా ఊహ: మొదటి నెలల్లో మేత, తర్వాత పని.

సరే, బలమైన ఎద్దుని విప్పేద్దాం. చిక్కిన ఎద్దు మళ్ళీ పనిలో పడి కండ పట్టదా? పడుతుంది. కాకపోతే మనం ఎద్దుని విప్పడమే కాదు, ఇంకో పనీ చేశాం. రెండో ఎద్దు ఒంట్లో ఏడు బెజ్జాలు వదిలాం.

నన్ను అడిగితే అసలు కథ ఈ బెజ్జాలదే. బండి కాడి ఎక్కడ విరుగుతుందో రైతునడగండి. చిల్లు ఉన్నచోట. 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు లెక్కగట్టాడు: వెడల్పాటి రేకుని లాగినప్పుడు గుండ్రటి చిల్లు అంచున ప్రతిబలం (చదరపు మిల్లీమీటరు మీద పడే బలం) మూడు రెట్లవుతుంది. చిల్లు చిన్నదైనా పెద్దదైనా మూడే, ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. లాగడం కాక మెలిపెడితే నాలుగు రెట్లు. చీలమండలు ఎక్కువగా విరిగేది ఆ మెలికకే. క్లాసులో సుద్దముక్క రెండు కొసలూ పట్టి మెలితిప్పేవాణ్ణి. ఠక్కున 45 డిగ్రీల వాలుతో విరిగేది. ఇంకో సుద్దముక్కకి కంపాస్ మొనతో బెజ్జం పెట్టి మళ్ళీ తిప్పితే విరుపు బెజ్జంలోంచే పోయేది, సగం బలానికే. ఫిబ్యులా విరిగిన ఎక్స్‌రేలలో అదే వాలు గీత చూసినప్పుడల్లా నాకు సుద్దే గుర్తొస్తుంది. నిజం ఎముకల మీద 1970 ప్రాంతంలో చేసిన ప్రయోగాల్లో, ఒక్క చిల్లుకే, మెలిపెడితే విరిగేలోపు ఎముక ఇముడ్చుకునే శక్తి (ఎనర్జీ) సగానికి పైగా పడిపోయింది.

అదృష్టవశాత్తు ఎముక సుద్ద కాదు. స్క్రూ ఉన్నంతకాలం దాని చుట్టూ సర్దుకుంటుంది. తీసిన రోజున చిల్లు మళ్ళీ కొత్తది, సర్దుకోవడం మళ్ళీ మొదలు. కుందేళ్ళలో కొన్ని వారాలకే ఆ బలహీనత పోయింది. మనుషులకి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎక్స్‌రేలో చిల్లు నీడలు నెలల తరబడి కనిపిస్తూనే ఉంటాయి, బలం మాత్రం అంతకంటే ముందే వస్తుంది. నడవచ్చు, కానీ కొంతకాలం పరుగులు, గెంతులు, మెలికలు పనికిరావు.

ముంజేతి ప్లేట్లని డాక్టర్లు సాధారణంగా ఎందుకు కదిలించరో ఇప్పుడు తెలుస్తుంది. 78 శాతం నీడ, సన్నటి ఎముక, వరస చిల్లులు, పక్కనే ముఖ్యమైన నరం. తొందరపడి తీస్తే అక్కడే మళ్ళీ విరగొచ్చు. దీనికి తలకిందులుగా, తప్పక తీయాల్సినవీ ఉన్నాయి: భుజం కొనకి వేసే కొక్కెం ప్లేటు, చర్మం బయటికి వదిలిన తీగలు, పెరిగే పిల్లల ఎముకల్లోని చాలా లోహాలు. మోకాలి చిప్ప, మోచేతి మొన మీద తీగలు చర్మాన్ని పొడిచి తామే బయటికి రమ్మంటాయి. మార్పిడి చేసిన మోకాలి కీలు సంగతి వేరే, అది అతుకు కాదు, కీలే అది.

చీలమండ రెండు ఎముకలనీ కలిపి బిగించే పొడవు స్క్రూని ఒకప్పుడు అందరికీ కొన్ని నెలల్లో తీసేసేవారు. నెదర్లాండ్స్‌లో పరీక్ష పెట్టి చూశారు. అందరికీ తీసినా, ఇబ్బంది పడ్డవాళ్ళకే తీసినా నడకలో తేడా లేదని తేలింది.

చిన్న ఆపరేషనే కదా అనుకుంటారు. నన్ను అదరగొట్టింది ఇంకో డచ్ పరీక్ష, 2017లో వచ్చింది. మోకాలి కింద లోహం తీయించుకున్న 470 మందిలో సగం మందికి ముందు యాంటీబయాటిక్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చారు. గాయం చీము పట్టింది మొదటి గుంపులో 13.2 శాతం, రెండో గుంపులో 14.9 శాతం. మందుకి పెద్ద తేడా లేదన్నది ఫలితం. నాకు మాత్రం ఆ అంకెలే మింగుడు పడలేదు. ఏడుగురిలో ఒకరు! ఒక అమెరికన్ అధ్యయనంలోనైతే చీలమండ బయటి పక్క ప్లేటు తీయించుకున్న 22 మందిలో నొప్పి తగ్గింది 11 మందికే.

లోహం కూడా మొరాయిస్తుంది. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలిలో పెట్టిన టైటానియం గొట్టాన్ని తిరిగి తీయబోతే రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. పళ్ళ ఇంప్లాంట్లకి ఆ గుణమే పెట్టుబడి, మన సర్జన్లకి అదే తలనొప్పి. ప్లేటులోనే మరలు బిగిసే రకం టైటానియం స్క్రూలు ప్లేటుతో కలిసిపోయినట్టు పట్టేస్తాయి, తల గాడి అరిగితే చుట్టూ ఎముకని తొలిచి తీయాలి. పెద్ద చిల్లు! ఉక్కు చుట్టూ మాత్రం పల్చటి పొర కడుతుంది, వదులుగా వస్తుంది. విచిత్రం చూడండి, కాడి లెక్కలో టైటానియం నయం, తీసే లెక్కలో ఉక్కు నయం.

గుంటూరు పాఠకుడికి ఇదంతా రాసి మూడు ప్రశ్నలు అడిగాను. నొప్పి ఎక్కడ? చర్మం మీద స్క్రూ తల తగిలేచోట వేలితో నొక్కితే అక్కడే నొస్తోందా, లేక కీలు లోపల సలుపుతోందా? లోపలిదైతే ప్లేటు తీసినా పోకపోవచ్చు. ఏ పని చేస్తే నొప్పి? ఆపరేషన్ కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కరు ఉందా? ఏ కంపెనీ, ఏ లోహం, గాడి ఆరు పలకలదా, నక్షత్రం ఆకారమా తెలియకపోతే సర్జన్ చేతిలో సరైన స్క్రూడ్రైవర్ ఉండదు.

జవాబు వచ్చింది. నడిస్తే నొప్పి లేదు. మఠం వేసుకుని కూర్చుంటేనే, బయటి చీలమండ నేలకి ఒత్తుకుని ప్రాణం పోతుందట. ఈ నొప్పి పరదేశపు పుస్తకాల్లో వెతికితే దొరకదు, వాళ్ళు కుర్చీల మనుషులు. కన్యాదానానికి పీటల మీద రెండు మూడు గంటలు ఎలా కూర్చోవడం అన్నదే ఆయన అసలు బెంగ. పెళ్ళికి ఇంకా పది వారాలు. ఇప్పుడు తీయిస్తే, కుట్లు మానేసరికి కొన్ని వారాలు పోగా, బెజ్జాలు పూడీ పూడని ఎముకతో పెళ్ళిపందిట్లో పరుగులు పెట్టాలి. అమ్మాయి తండ్రి నిదానంగా నడిచిన పెళ్ళి నేనైతే చూడలేదు. ఈ మాటే రాసి, డాక్టరుగారితో మాట్లాడమన్నాను.

పీట మీద దుప్పటి నాలుగు మడతలు వేసుకుని కూర్చుంటారట, పురోహితుడు ఒప్పుకున్నాడట. ప్లేటు సంగతి ఎండాకాలంలో చూస్తామన్నారు. స్టిక్కరు కోసం బీరువా అంతా వెతికారు, ఇంకా దొరకలేదు.