జింబాబ్వే: లెక్క అడిగినప్పుడల్లా బ్రిటన్ పేరు

1980లో జింబాబ్వేకు బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి సారవంతమైన భూమిలో ఎక్కువ భాగం కొన్ని వేల మంది తెల్ల రైతుల చేతుల్లో ఉంది. నల్లజాతి ప్రజలను వలస చట్టాలు దశాబ్దాల కిందే పస లేని నేలలకు తరిమేశాయి. 1979లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం పదేళ్లపాటు, యజమాని ఇష్టపడి అమ్మితేనే ప్రభుత్వం భూమి కొనాలి. కొత్త దేశపు పాలకుడైన రాబర్ట్ ముగాబే సామ్రాజ్యవాదాన్ని తిట్టినప్పుడు జనం చప్పట్లు కొట్టారంటే వింతేమీ లేదు. ఆ కోపం న్యాయమైనది. దాన్ని ఎవరు, ఎప్పుడు, దేనికి వాడుకున్నారన్నదే అసలు ప్రశ్న.

1984లో ముగాబే పార్టీ తన నాయకుల ఆస్తులకు పరిమితులు పెడుతూ నియమావళి తెచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి బులవాయో నగర పత్రిక 'క్రానికల్' గుట్టు బయటపెట్టింది. విల్లోవేల్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీ నుంచి మంత్రులు కంట్రోలు ధరకు కార్లు తీసుకుని, బయట అంతకు ఎన్నో రెట్లకు అమ్ముకుంటున్నారు. విచారణ కమిషన్ వేశారు, కొందరు మంత్రులు రాజీనామా చేశారు. విమోచన పోరాటంలో ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన మంత్రి మోరిస్ న్యాగుంబో ఆత్మహత్య చేసుకున్నారు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు జైలు శిక్ష పడిన మంత్రి ఫ్రెడరిక్ షావాకు ముగాబే వెంటనే క్షమాభిక్ష పెట్టారు. ఎడిటర్ జెఫ్రీ న్యారోటాను మాత్రం ప్రమోషన్ పేరుతో పత్రిక నుంచి తప్పించారు. అవినీతి విషయంలో జింబాబ్వే దారి తప్పింది ఇక్కడేనని నేను నమ్ముతున్నాను. 2021లో అదే షావా విదేశాంగ మంత్రి అయ్యారు.

1997లో ఇంకో కుంభకోణం. స్వాతంత్ర్య యుద్ధంలో గాయపడినవారి కోసం పెట్టిన పరిహార నిధిని పెద్దలు ఖాళీ చేశారు. ముగాబే బావమరిది తనకు 95 శాతం వైకల్యం ఉందని చూపించి డబ్బు తీసుకున్నారు. నిజంగా పోరాడిన మాజీ గెరిల్లాలు వీధికెక్కారు. వాళ్లను శాంతింపజేయడానికి ముగాబే ఒక్కొక్కరికి 50,000 జింబాబ్వే డాలర్లు, దానికి తోడు పెన్షన్ ప్రకటించారు. అందుకు ఖజానాలో డబ్బు లేదు. ఆ నవంబర్ 14న దేశ కరెన్సీ ఒక్క రోజులో కుప్పకూలింది. భూమి కొనుగోళ్ల ఖర్చు విషయంలో తమకు ప్రత్యేక బాధ్యతేమీ లేదని సరిగ్గా అదే నెలలో బ్రిటన్ మంత్రి క్లేర్ షార్ట్ ఉత్తరం రాశారు. చరిత్ర తెలిసినవారు రాయాల్సిన ఉత్తరం కాదది. ముగాబేకు కావలసిన ఆయుధాన్ని ఆమే అందించారు.

కొత్త రాజ్యాంగంపై 2000 ఫిబ్రవరిలో పెట్టిన రిఫరెండంలో ముగాబే ఓడిపోయారు. ఆ వెంటనే తెల్లవారి పొలాల ఆక్రమణ ఊపందుకుంది. చాలామంది చిన్న రైతులకు నిజంగానే భూమి దక్కింది, అది కాదనలేం. కానీ మంచి పొలాలు ఎన్నో మంత్రులు, సైనికాధికారులు, జడ్జీల పాలయ్యాయి.

తర్వాత ఐరోపా, అమెరికా ఆంక్షలు వచ్చాయి. 2009లో వంద లక్షల కోట్ల డాలర్ల నోటును అచ్చేసే దాకా సాగిన పతనానికి పాలకులు ఆంక్షలనే కారణంగా చూపారు. దేశ తూర్పున ఉన్న మరంగే గనుల వజ్రాల ఆదాయంలో ఖజానాకు చేరుతున్నది చాలా తక్కువని అప్పటి ఆర్థిక మంత్రి టెండాయ్ బిటీయే మొత్తుకున్నారు. ఆ గనులు మాత్రం సైన్యానికి దగ్గరైన కంపెనీల చేతుల్లోనే నడిచాయి.

2017లో సైన్యం ముగాబేను దించి ఎమర్సన్ మ్నంగాగ్వా అధ్యక్షుడయ్యేందుకు దారి ఇచ్చింది. ప్రసంగాలు మారలేదు. 2019 నుంచి అక్టోబర్ 25ను ఆంక్షల వ్యతిరేక దినంగా జరుపుతున్నారు. 2024 మార్చిలో అమెరికా పాత ఆంక్షలను ఎత్తేసి, బంగారం, వజ్రాల స్మగ్లర్లను కాపాడుతున్నారన్న ఆరోపణతో మ్నంగాగ్వాను కొత్త ఆంక్షల జాబితాలో చేర్చింది.