ఊరికే అన్న మాటలు: కాలేజీల్లో అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ కాలేజీలో స్టూడెంట్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా గదికి వచ్చే పిల్లల్లో చాలామంది ఫలానావాడు తిట్టాడనో కొట్టాడనో చెప్పరు. "ఏం లేదు మేడమ్, ఊరికే అన్నార్లెండి" అని మొదలుపెడతారు. కులం, యాస లాంటివాటి మీద ఊరికే అనేసే ఆ మాటల గురించే ఈ నాలుగు ముక్కలు.

అపోహ: ర్యాంకు అడిగితే తప్పేముంది?

వాస్తవం: ఫస్టియర్ హాస్టల్లో పేరు తర్వాత వచ్చే ప్రశ్న ఇదే. ఎంసెట్ కాస్తా ఈఏపీసెట్ అయింది గానీ ప్రశ్న మారలేదు. ర్యాంకు చెప్పగానే ఎదుటివాడు లెక్కేస్తాడు: ఈ ర్యాంకుకి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు ఎలా వచ్చింది, రిజర్వేషనేనా? ఆ తర్వాత "ఓ... అవునా" అంటాడు చూడండి, అక్కడుంది అసలు సంగతి. ర్యాంకు అడిగి కులం ఆరా తీయడం సరికాదని ఐఐటీ బాంబే 2023లో తమ విద్యార్థులకు చెప్పింది కూడా.

మన ప్రైవేటు కాలేజీల్లో ఇది మరీ తమాషా. 30 శాతం సీట్లు బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా. ఎంత పెద్ద ర్యాంకైనా "మేనేజ్‌మెంట్‌లే బ్రో" అని ఒకడు నవ్వేస్తాడు, విన్నవాళ్లూ నవ్వేస్తారు. రిజర్వేషన్‌లో వచ్చినవాడు మాత్రం నాలుగేళ్లూ తన తెలివిని రుజువు చేసుకుంటూనే ఉండాలి. ప్రివిలేజ్ అంటే ఏమిటని అడిగేవాళ్లకి నేను ఈ తేడానే చూపిస్తాను. ఓపెన్ సీట్లంటే ఓసీల సీట్లు అనుకునేవాళ్లు లెక్చరర్లలోనూ ఉన్నారు. అవి అందరివీ.

అపోహ: "మనవాళ్లేనా?" అనడం ఆప్యాయత.

వాస్తవం: ముందు ఇంటిపేరు. అందులో తేలకపోతే ఊరు. అక్కడా తేలకపోతే "నాన్నగారు ఏం చేస్తారు?" మనవాడని తేలితే సీనియర్ల నోట్సు, మంచి రూమ్, రేపు ఉద్యోగానికి రిఫరల్. కాదని తేలితే మాట అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ ఏమీ అనలేదు కదా, ఏమని ఫిర్యాదు చేస్తాడు?

అపోహ: మరీ సెన్సిటివ్ అయిపోతున్నారు.

వాస్తవం: మీరు ఒక్కసారే అంటారు. అతను అదే మాట పొద్దున మెస్‌లో, మధ్యాహ్నం ల్యాబ్‌లో, రాత్రి వాట్సాప్ గ్రూపులో వింటాడు. ఇలాంటివాటికి మైక్రోఅగ్రెషన్ అని పేరు పెట్టింది చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి అమెరికన్ మానసిక వైద్యుడు.

అపోహ: యాసని ఏడిపించడం సరదా.

వాస్తవం: శ్రీకాకుళం పిల్లో ఆదిలాబాద్ పిల్లాడో రెండుసార్లు నవ్వులపాలైతే, మూడో సెమినార్‌లో నోరు విప్పరు. ఆ తర్వాత వాళ్ల ఫైల్లో "కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ" అని రాసేది మళ్లీ మా స్టాఫే.

అపోహ: ఇది పిల్లల గొడవ, కాలేజీకి సంబంధం లేదు.

వాస్తవం: వివక్ష ఫిర్యాదులు వినడానికి కాలేజీలో ఒక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. ఆ మాటకొస్తే కాలేజీ ఆఫీసే చేసేవీ ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రానివాళ్లని క్లాసులో నిలబెట్టి పేర్లు చదువుతారు. బకాయి ప్రభుత్వానిది, తల దించుకునేది పిల్లలు. నోటీసు బోర్డు జాబితాలో పేరు పక్కన రిజర్వేషన్ కేటగిరీ ఎందుకని అడిగితే, "ప్రొఫార్మా అలాగే ఉంది మేడమ్" అన్నారు మా గుమాస్తా. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ని హైడ్ చేసి, పేర్ల బదులు హాల్ టికెట్ నంబర్లు పెట్టి ప్రింట్ తీయడం ఐదు నిమిషాల పని. ఇప్పుడు ఆయనే చేస్తున్నారు.